చేమాకు ఉడికేంత కథ

మా అవ్వకు గడియారం చూడటం రాదు. ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా ఆవిడ ముందు గడియారం పెట్టుకుని కూర్చున్న తెలివిగలదాన్ని నేను.

అప్పట్లో ఫీజీ రాజధాని సూవాలో ఆడపిల్లల స్కూల్లో వంట, కుట్టు నేర్పే టీచర్ని. నసీనులో అద్దె ఇల్లు, రోజూ బస్సు ప్రయాణం. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు నేనింకా స్కూలు పిల్లని. జెండాలు ఊపాం, మిఠాయిలు తిన్నాం, ఇక ఈ దేశం మనదేలే అనుకున్నాం. పదిహేడేళ్ళు తిరిగేసరికి సైనికులు తుపాకులతో పార్లమెంటులోకి వెళ్ళారు. ఆ ఏడాది మా వీధిలో మన భారతీయులు ఎవరింటికి వెళ్ళినా నడవలో దేశం వదలడానికి సర్దిన సూట్‌కేసులే. ఎవరు ఉంటారో ఎవరు పోతారో తెలియని ఆ రోజుల్లో మా తెలుగు సంఘం పెద్దలకు ఒక ఆలోచన వచ్చింది. ముసలమ్మల వంటలన్నీ పోగుచేసి పుస్తకం వేద్దామన్నారు. వంట టీచర్ని, గుడి బడిలో తెలుగు రాయడం నేర్చుకున్నదాన్ని కాబట్టి పని నా నెత్తిన పెట్టారు. నేనేమీ బాధపడలేదు, పైగా తెగ మురిసిపోయాను.

స్కూలు సెలవుల్లో లంబాసా దగ్గర వాయిలేవులో ఉన్న మా ఇంటికి వెళ్ళాను. చెరుకు తోట మధ్య రేకుల ఇల్లు. నాన్న పోయాక అక్కడ మిగిలింది ఇద్దరే, నాన్నను కన్న అవ్వ, నన్ను కన్న అమ్మ. అమ్మ హిందీ మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన కోడలు, ఆమెకు తెలుగు రాదు. అవ్వకు హిందీ వచ్చు గానీ కోపానికీ, దేవుడికీ, కథలకూ తెలుగే వాడేది.

పుస్తకానికి అవ్వ దగ్గర నాకు కావలసింది ఒక్క వంటే, చేమాకు పులుసు. తోటలో పెంచే చేమ ఆకుతో, ఇక్కడ దాలో అంటారు, అందరూ చేస్తారు. అవ్వ చేసేది వాగు ఒడ్డున తనంతట తాను పెరిగే అడవి చేమతో. చింతపండు, ఎండుమిరప, చివర్లో కొబ్బరిపాలు. గిర్మిట్ మీద, అంటే కూలి ఒప్పందం మీద, వచ్చిన వాళ్ళమ్మ చెరుకు తోటల కూలి లైన్లలో, ఆ వరస గదుల్లో నేర్చుకున్న వంట అది. కుండ మీద మూత పెట్టాక మధ్యలో తీయకూడదు. తీస్తే గొంతు దురద పెడుతుందని అవ్వ నమ్మకం. మూత పెట్టగానే కథ మొదలుపెట్టేది, వాళ్ళమ్మ ఓడెక్కిన కథ. ఆ కుండ పొయ్యి మీద ఉంటేనే చెప్పేది, మామూలప్పుడు కాళ్ళు పట్టుకున్నా చెప్పేది కాదు.

చిన్నప్పుడు ఆ కథలో ఓడ వరకే నాకిష్టం. మద్రాసులో ఎక్కించడం, అలలు, కింది అరలో ఆడవాళ్ళంతా ఒకరినొకరు పట్టుకుని వాంతులు చేసుకోవడం, అక్కడే ముత్తవ్వకు ఒక జహాజీ అక్క దొరకడం. తోడబుట్టకపోయినా ఒకే ఓడలో వచ్చినవాళ్ళు అక్కచెల్లెళ్ళే మా వాళ్ళకు. ఓడ దిగి లైన్లలోకి వచ్చాక అవ్వ గొంతు తగ్గేది. ఆకు వండటం నేర్చుకున్న సంగతి దాకా ఎలాగో విని, విసుగొచ్చి వాగుకు ఈతకు పారిపోయేదాన్ని. కూర తయారయ్యాక, ఆకలేసి తిరిగొచ్చేదాన్ని.

ఆ సెలవుల్లో పొయ్యి పక్కన పీట వేసుకుని, త్రాసు, కొలత కప్పులు, నోటుపుస్తకం, చేతి గడియారం అన్నీ పేర్చుకున్నాను. అవ్వ వాటిని చూసి నవ్వింది.

"ఏమే, పొయ్యి కాడ గడియారం ఎందుకు? నేనేమన్నా బస్సు ఎక్కాల్నా?"

పిడికెడు చింతపండును ఆవిడ చేతిలోంచి లాక్కుని తూచాను. ఉప్పు తూచాను. ఆకులు తూచాను. పాపం, అన్నిటికీ ఓర్చుకుంది. కుండకు మూత పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, "మా అమ్మ అప్పుడు ఇంత పిల్ల. మద్రాస్‌ల డిపో..." అని మొదలుపెట్టింది.

"అవ్వా, కథ తర్వాత. ముందు కొలతలు చెప్పు," అన్నాను.

"కథ లేకుంటే ఎట్లనే?"

"సాయంత్రంలోగా ఇంకో ముగ్గురి ఇళ్ళకు పోవాలి. ఇది ఎంతసేపు ఉడకాలో చెప్పు చాలు."

"కథ అయ్యేదాక."

చాదస్తం అనుకున్నాను. ఒళ్ళు మండింది కూడా. తోట దాలో ఆకు అరగంటలో ఉడుకుతుంది, స్కూల్లో మేం పిల్లలకు నేర్పేది అదే. కాబట్టి 'అరగంట' అని రాసుకున్నాను. బయట టాక్సీ హారన్ కొడితే తినకుండానే లేచాను. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూస్తే అవ్వ మూసిన కుండ ముందు ఒక్కతే, నోరు మూసుకుని కూర్చుని ఉంది. నేనే మూయించాను.

పుస్తకం వచ్చింది. అట్ట మీద కొబ్బరిచెట్టు, లోపల అవ్వ ఫోటో. గుడి హాల్లో విడుదల పండగ పెట్టి, పుస్తకం చూసి వండిన వంటలే వడ్డించారు. చేమాకు పులుసు కోసం ఎవరో పనిగట్టుకుని వాగు ఒడ్డు ఆకే తెచ్చారు. మొదటి పంక్తి సగంలో ఒకాయన గొంతు పట్టుకున్నాడు. తర్వాత ఆయన పక్కావిడ. కాసేపటికి బల్ల అంతా దగ్గులు, గొంతు గోక్కోలేని అవస్థ, ఉప్పునీళ్ళ కోసం పరుగులు. వంట చేసినావిడ నా దగ్గరకొచ్చి పుస్తకం తెరిచి చూపించింది.

"చూడు బహిన్, నువ్వు రాసినట్టే చేసినా. హాఫ్ అవర్ రాసినావు కదా?"

తల కొట్టేసినట్టయింది. ఆవిడ తప్పేమీ లేదు. అవ్వ చెప్పినమాట అప్పుడు బుర్రకెక్కింది. లైన్లలో వాళ్ళకు గడియారాలెక్కడివి? కథ అయ్యేదాకా అంటే అది చాదస్తం కాదు, లెక్క. అక్కడే నిశ్చయించుకున్నాను, వాయిలేవు వెళ్ళి కుండ పెట్టించి, కదలకుండా కూర్చుని కథ మొత్తం రాసుకుంటానని.

వెళ్ళేలోపే అమ్మ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. అవ్వకు పక్షవాతం. కుడివైపు పడిపోయింది, మాట పోయింది.

మంచం పక్కన కూర్చుని అమ్మను అడిగాను. ఇన్నేళ్ళు ఆ పొయ్యి దగ్గరే ఉన్నావు కదా, లైన్లలో ఆకు వండుకున్నాక ఏం జరిగింది, ఆ జహాజీ అక్క ఏమైంది, అని. "హమే నై మాలూమ్, బేటీ. ఊ తెలుగు మే బోలే," అంది అమ్మ తలవంచుకుని. తెలుగులో చెప్పేది, నాకేం తెలుసు, అని. ముప్పై ఏళ్ళు పక్కనే కూర్చున్న అమ్మకు భాష తెలీదు. భాష తెలిసిన నేను ఈతకు పోయాను. అమ్మ మీద కోపం తెచ్చుకోబోయాను గానీ అంత సిగ్గులేనితనం నాకూ లేకపోయింది.

ఒక మధ్యాహ్నం వాగు ఒడ్డు నుంచి ఆకు కోసుకొచ్చాను. అవ్వను కుర్చీలో పొయ్యి పక్కకు చేర్చాం. నేను ఏదీ తూచలేదు. మూత పెట్టి, నాకు తెలిసిన కథ మొదలుపెట్టాను. మద్రాసు, ఓడ, వాంతులు, అక్క. లైన్లు. జ్వరంతో పని చేయలేక రేషను కోతపడితే ముత్తవ్వ వాగు ఒడ్డున ఆకు కోయడం. దురదకు గొంతు వాస్తే, నీళ్ళకొచ్చిన ఒక స్థానిక ఫీజీ ఆడమనిషి ఆకును చూపించి, ఆకాశంలో సూర్యుణ్ణి చూపించి, ఇక్కడి నుంచి అక్కడికి పోయేదాకా ఉడికించమని చేత్తో చెప్పడం. వాన రోజున సూర్యుడు లేక అక్కచెల్లెళ్ళిద్దరూ మాటలు చెప్పుకుంటూ పొద్దు కొలుచుకోవడం.

అక్కడితో నా దగ్గర అయిపోయింది. గడియారం చూశాను, ముప్పై నిమిషాలు. కుండ దించడానికి గుడ్డ తీసుకున్నాను.

అవ్వ ఎడమచెయ్యి నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం ఉందనుకోలేదు.

"ఇంకా ఉందా అవ్వా?"

తల ఊపింది. తర్వాత ఆవిడ పెదాలు కదలడం మొదలైంది. శబ్దం లేదు. నేను మొహం దగ్గరగా పెట్టి చూశాను, ఒక్క మాటైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు. మధ్యలో ఒకచోట ఆగింది, కళ్ళ నుంచి నీళ్ళు కారాయి, అమ్మ తుడిచింది, మళ్ళీ పెదాలు కదిలాయి. నేను ఇంకో పుల్ల పొయ్యిలోకి తోశాను. చాలాసేపటికి ఆవిడ నా చెయ్యి వదిలి కుండ వైపు చూసింది.

గడియారం మళ్ళీ చూసుకుని దించాను. కూర అమృతంలా ఉంది, గొంతులో చిన్న గరుకు కూడా లేదు. అమ్మ మారు వడ్డించుకుంది. అవ్వకు మెత్తగా చేసి నేనే తినిపించాను. ఆ వానాకాలంలోనే ఆవిడ పోయింది.

పుస్తకం రెండోసారి అచ్చువేసినప్పుడు తప్పు దిద్దాను. అడవి చేమాకు పులుసు, మూత తీయకుండా, గంటా పది నిమిషాలు. ఇప్పటికీ నేను వండేటప్పుడు మొదటి అరగంటా కథ చెప్తాను. మిగతా నలభై నిమిషాలూ ఊరికే కూర్చుంటాను.