వాన్ గేటు దగ్గర ట్రామ్ ప్లీడరు

జనవరిలో పరదేశంలో, వాన్ అనే ఊళ్లో దిగాను. పోస్టు: గోదాము గేటు. మైనస్ ఇరవై రెండు, ఉత్తరపు గాలి. ఇచ్చిన సామాను: రేడియో, టార్చి, ఒక గాజు గది, అందులో చిన్న హీటరు. పటాలంలో ఉండగా లడఖ్‌లో రెండు చలికాలాలు సెంట్రీ కాసినవాణ్ణి. ఆ గది నాకు మహలు.

ఆర్డరు ఒకటే. షిఫ్టు మొదలయ్యేదాకా గోదాములో పనికొచ్చే స్టూడెంట్లను లోపలికి రానివ్వకూడదు. షిఫ్టు నాలుగింటికి. బస్సు మూడింటికే దింపేసేది. తర్వాతి బస్సుకొస్తే ఆలస్యం. కాలేజీలు పిల్లల్ని మందలు మందలుగా రప్పించుకున్న రోజులవి. వాళ్లు ఎక్కడ నిలబడతారో ఎవడూ ఆలోచించలేదు. మీరేమో ఇక్కడ మన ఊళ్లో ఫ్యాను కింద కూర్చుని "ఎవడు వెళ్లమన్నాడు?" అంటారు. ఆ గంట నిలబడి అనండి!

సొరుగులో పాత కాపలావాడు వదిలేసిన అట్టలేని పుస్తకం ఉంది. పందొమ్మిదో శతాబ్దపు అమెరికా వకీలు జీవితం. నా బడి ఐదో తరగతితో సరి. ఇంగ్లీషు పటాలంలో కూడబలుక్కుని నేర్చుకున్నదే. ఆయన పేరు నోరు తిరగక ప్లీడరు గారనుకున్నాను. రంపపు మిల్లులో పనిచేస్తూ చట్టం చదివాడు. మొదటి కేసు ఓడాడు. శాసనసభకెక్కాడు. అప్పట్లో ట్రామ్ డ్రైవర్లు ముందు మెట్టు మీద, ఆరుబయట, మంచులో నిలబడే బండి నడిపేవారు. వాళ్లకు గాజు అడ్డం పెట్టించాలని బిల్లు తెచ్చాడు. వెచ్చగా ఉంటే నిద్రపోతారని సభ నవ్వింది. బిల్లు పోయింది. మళ్లీ తెచ్చాడు.

ఆ పేజీలోంచి తలెత్తితే, పిల్లల వరుస చివర పొడవాటి కోటుతో ఆయనా నిలబడ్డట్టుండేది.

ఒకరోజు మంచు తుఫాను. వరుసలోంచి నల్గొండ పిల్ల ఒకతి వచ్చి గాజు మీద తట్టింది.

"తాతా, కాలివేళ్లున్నయో ఊడినయో ఎర్కయితలేదు."

"ఉన్నాయిలేవే, ఇందాక నా కాలు తొక్కినవి అవేగా!" అన్నాడు పక్కనున్న భీమవరం కుర్రాడు. వాడి పెదాలు నీలంగా ఉన్నాయి.

రేడియో తీశాను. అవతల షిఫ్టు సూపర్‌వైజరు, మన గుంటూరాయనే.

"గేటు నుంచి. పిల్లల్ని గదిలోకి తీసుకుంటున్నా."

"వద్దు బాబాయ్ గారూ. వెచ్చగా ఉంటే నిద్రపోతారండీ. రూల్స్ ఫాలో అవ్వండి."

ఒళ్లు మండింది. వందేళ్లు దాటినా అదే మాట, ఈసారి తెలుగులో!

"ఆర్డరు అందింది. పాటించను. ఓవర్."

తలుపు తీశాను. అందరూ పట్టారు. నాకే చోటు మిగల్లేదు. బయట నిలబడ్డాను. వాళ్లు నిజంగానే నిద్రపోయారు. నాలుగింటికి ముందు గాజు మీద తట్టి నేనే లేపాను. ఒక్కరూ ఆలస్యం కాలేదు.

ఆ వారమే రేడియో లాగేసుకుని పనిలోంచి తీసేశారు. పుస్తకం చివరి పేజీలు ఇంటికెళ్లే బస్సులో చదివాను. రెండోసారి బిల్లు గెలిచింది. తర్వాతి ఎన్నికలో ఆయన ఓడిపోయాడు. గాజు మాత్రం నిలిచింది.

ఏప్రిల్లో విజయనగరం వచ్చేశాను. ఇక్కడి ఎండలోనూ ఆ గాజు గదే కనిపిస్తుంది. మంచు అడ్డంగా కురుస్తోంది. చూడగా చూడగా మంచు ఆగి, గదే ట్రామ్‌లా కదిలిపోతోంది. ఊపిరితో మసకబారిన గాజు, లోపల పసుపు దీపం, ఒకరి భుజాన ఒకరు వాలిన తలలు. నల్గొండ పిల్ల ఒక్కతే కళ్లు తెరిచి, అరచేత్తో మసక తుడిచి బయటికి చూస్తుంది, ఏ ఊరొచ్చిందో అన్నట్టు.