కాలువ గట్టు మీద చప్పుడు లేని కారు

కాలువ గట్టు ఎక్కగానే మా వైపు వాళ్ళం రెండు పనులు చేస్తాం. సీటు బెల్టు తీసేస్తాం, నాలుగు అద్దాలూ దించేస్తాం. ఎవరూ నేర్పరు, ఎక్కడా రాసి ఉండదు. హైవే మీద బుద్ధిగా బెల్టు పెట్టుకునే మనుషులమే, పక్కన నీళ్ళు కనపడగానే చేయి దానంతటదే బెల్టు మీదికి పోతుంది. కారు కాలువలో పడితే బెల్టు ఊడి రాదనీ, అద్దం దిగదనీ, లోపలే ఉండిపోతామనీ మా భయం.

నా భయం అందరికంటే ఒక మెట్టు ఎక్కువ. మా ఊరు కంకిపాడు దాటి లోపలికి. పెద్ద రోడ్డు దిగి లాకుల దగ్గర తిరిగితే మా ఊరి రైసుమిల్లు మలుపు దాకా ఆరు కిలోమీటర్లు కాలువ గట్టే. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ కాలువలోంచి ఒక కారుని క్రేనుతో లాగుతుంటే చూశాను. నీళ్ళు ఓడుతూ పైకి లేచిన కారుకి నాలుగు అద్దాలూ మూసే ఉన్నాయి. లోపలికి చూడకుండా తల తిప్పుకున్నాను గానీ, ఆ మూసిన అద్దాలు ఇప్పటికీ నన్ను వదల్లేదు. కారు నడపడం మొదలుపెట్టిన రోజు నుంచీ నా సీటు కింద పచ్చడి బండ ఒకటి ఉంటుంది, అద్దం పగలగొట్టుకోవడానికి. కాలువలో కూర్చుని పచ్చడి నూరుకుంటావా అని మావారు నవ్వేవారు. నవ్వుకోనీ, ఈత వచ్చిన మనిషికి నా బాధ ఏం తెలుస్తుంది అనుకునేదాన్ని.

నేను ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుని. ఆయనకి వరి చేలు, రెండు చేపల చెరువులు. చెరువులు విజయవాడకి మోసుకుపోలేం, ఫ్యాక్టరీని మా ఊరికి తేలేం. అందుకని రోజూ విజయవాడ ఈ చివరి నుంచి ఆ చివరికి దాటుకుని, రానూపోనూ నూట ఇరవై కిలోమీటర్లు నేనే నడుపుకుంటూ తిరుగుతున్నాను. నాదొక చిన్న డీజిల్ బండి. తలుపు వేస్తే డబ్బా మూత వేసినట్టు ఉండేది. ఇంజను చప్పుడుకి పక్క ఊరి కుక్కలు కూడా లేచేవి.

ఆయన భయం కాలువ కాదు, లారీలు. ఒకసారి ఏదో పని మీద నాతో ఇబ్రహీంపట్నం దాకా వచ్చారు. ముందు థర్మల్ స్టేషను బూడిద లారీ, వెనక ఇసుక లారీ, మధ్యలో మా డబ్బా. దారి పొడుగునా ఆయన కాలు లేని బ్రేకు తొక్కుతూనే ఉంది. సాయంత్రం ఈ బండి అమ్మేద్దాం, బరువున్న కారు కొందాం అన్నారు. రోజూ ఇంత దూరం అంటే పెట్రోలు మనవల్ల కాదు, డీజిలే కావాలి. లారీ గుద్దినా నలగనిది కావాలి. వెతగ్గా వెతగ్గా విజయవాడలో సెకండ్ హ్యాండు కార్లు అమ్మేచోట ఒక పెద్ద లగ్జరీ సెడాన్ దొరికింది. నల్లది, పొడుగ్గా, పట్టణంలో పెళ్ళికొడుకు దిగేలాంటిది.

నాకు అది చూడగానే భయమేసింది. లారీకి నలగదు, నిజమే. నీళ్ళలో పడితే మాత్రం అంత బరువు తిన్నగా అడుక్కి పోతుంది కదా. ఈ మాట పైకి అంటే నవ్వుతారని అనలేదు. అమ్మే అతన్ని పక్కకి పిలిచి, అద్దాలు పగులుతాయా అని మాత్రం అడిగాను. అతను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు.

"రెండు పొరల అద్దమండీ, మధ్యలో ప్లాస్టిక్ షీట్ ఉంటది. బయట చప్పుడు లోపలికి రాదు. సుత్తి పెట్టి కొట్టినా బీటలు వారుద్దేగానీ ఊడిరాదండీ మేడమ్."

నా పచ్చడి బండ గుర్తొచ్చింది. కొననని చెప్పేద్దామనుకున్నాను. ఈలోగా ఆయన వెనక సీట్లో కూర్చుని, ఒకసారి నడిపి చూడు అంటున్నారు.

నడపాలంటే మా గట్టు లాంటి గట్టు మీదే నడుపుతానని పట్టుబట్టాను. ఊరు దాటి కాలువ పక్కకి రాగానే అలవాటుగా అద్దాలు దించి బెల్టు తీశాను. కారు ఊరుకోలేదు. కీచుకీచుమని ఒకటే మొత్తుకోవడం. పక్కన కూర్చున్న ఆ అమ్మే అతను జేబులోంచి బెల్టు నాలిక లాంటి ఇనప ముక్క ఒకటి తీసి బకిల్లో గుచ్చాడు. చప్పుడు ఆగిపోయింది. ఇటువైపు కొనేవాళ్ళందరూ ఇది అడుగుతారని, బండితోపాటు ఊరికే ఇచ్చేస్తామని చెప్పాడు. ఆ మాట విన్నాక, నాలాంటివాళ్ళు ఇంతమంది ఉన్నారా అని కాస్త ధైర్యం కూడా వచ్చింది. అంత తెలివితక్కువ ధైర్యం నాకు ఇంకెప్పుడూ రాలేదు.

రెండు కిలోమీటర్లు పోయామో లేదో, చేలోంచి గడ్డి ట్రాక్టరు ఒకటి వెనక్కి వెనక్కి గట్టు మీదికి ఎక్కేసింది. బ్రేకు తొక్కాను. నా పాత బండి అయితే జారి కాలువలోకి పోయేదే. ఇది మేకు కొట్టినట్టు ఆగిపోయింది. కారు ఆగింది గానీ నేను ఆగలేదు. నా రొమ్ము పోయి స్టీరింగుకి గుద్దుకుంది. ఊపిరి లోపలికి పోదు, బయటికి రాదు. ఆయన నుదురు ముందు సీటుకి కొట్టుకుంది. ఎడమ చక్రం గట్టు అంచుకి జానెడు దూరంలో ఉంది. కింద నీళ్ళు మెల్లగా పోతున్నాయి. ఇన్నేళ్ళూ నన్ను చంపుతాయని నేను భయపడిన నీళ్ళు అక్కడే ఉన్నాయి, నాకేమీ చెయ్యలేదు. నాకు నేనే చేసుకున్నాను.

పక్కనున్న అతను బకిల్లోంచి ఆ ఇనప ముక్క లాగి జేబులో వేసుకున్నాడు.

ఎముక విరగలేదన్నారు డాక్టరుగారు. నెల రోజులు దగ్గితే ప్రాణం పోయేది. ఆ కారే కొన్నాం. అంచు మీద ఆగిన బండిని కాదనడానికి నాకు నోరు రాలేదు. గట్టు మీద కూడా బెల్టు పెట్టుకోవడం మొదలుపెట్టాను. ధైర్యం వచ్చి కాదు. ఒక భయాన్ని ఇంకో భయంతో కట్టేసుకున్నాను, అంతే. లాకుల దగ్గర తిరిగిన ప్రతిసారీ అద్దాలు నాలుగూ దించి, బెల్టు మీద చెయ్యి వేసుకునే ఆరు కిలోమీటర్లూ నడుపుతాను. పచ్చడి బండ తెచ్చి వంటింట్లో పెట్టేశాను.

వారం తిరక్కుండానే మావారు ఇంకో సంగతి బయటపెట్టారు. అన్నాళ్ళ కాపురంలో ఎప్పుడూ చెప్పనిది.

"పాత బండయితే రైసుమిల్లు మలుపులో ఉండగానే వినపడేది. గట్టు దాటేశావులే అని అప్పుడు లేచి టీ పెట్టేవాణ్ణి. ఇది గేట్లోకొచ్చిందాకా తెలియట్లేదు."

ఆయన నవ్వింది నా పచ్చడి బండని చూసి. రోజూ సాయంత్రం చెవులు రిక్కించుకుని కూర్చునేది మాత్రం ఆయనేనన్నమాట. సరే, మలుపులో ఒకసారి హారన్ కొడతానని ఒప్పుకున్నాను.

ఒకరోజు ఫ్యాక్టరీ నుంచి వస్తూ వన్ టౌన్‌లో కర్టెన్ గుడ్డ కోసం ఆగాను. తోపుడు బళ్ళ మధ్య కారు ఇరుక్కుపోయింది. బయటపడేసరికి గంట పైనే అయింది. ఫోన్లో చార్జింగు అయిపోయింది. నా పాత చార్జరు వైరు ఈ కారుకి పట్టదు, కొత్తది కొనాలని రోజూ అనుకోవడమే. లాకుల దగ్గర తిరిగేసరికి ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. సగం గట్టు వచ్చాక స్టాండు వేసి ఉన్న మా మోటారు సైకిలు కనపడింది. దాని పక్కన, గట్టు అంచున ఆయన.

నేను కారు ఆయన వెనకే ఆపాను. ఆయనకి వినపడలేదు. నీళ్ళకేసి చూస్తూ నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు. కేక కాదు. ఇంట్లో పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు, మామూలుగా. కాసేపు ఆగి మళ్ళీ పిలుస్తున్నారు.

హారన్ మీదికి చెయ్యి పోయింది, ఆపుకున్నాను. అదిరిపడితే అక్కడి నుంచి జారిపోతారు. తలుపు తీసి దిగి, "ఏవండీ" అన్నాను, నాకే వినపడనంత మెల్లగా. రెండోసారి అంటే తిరిగారు. నన్ను చూశారు, కారుని చూశారు, దించి ఉన్న నాలుగు అద్దాల్నీ ఒక్కొక్కటిగా చూశారు. మోటారు సైకిలు అక్కడే వదిలేసి వచ్చి కార్లో కూర్చున్నారు. బెల్టు పెట్టుకోబోతే నాలిక బకిల్లో పడటం లేదు. నేనే పెట్టాను.

మిల్లు మలుపు దాటాక అన్నారు, "టీ పెట్టేసి వచ్చాను. చప్పుడు వినపడ్డట్టే అనిపించింది."

ఇంటికి వెళ్ళేసరికి గ్యాసు వెలుగుతూనే ఉంది. గిన్నె అడుగంటి నల్లగా మాడిపోయింది.