ముందు ప్రశ్నలు, తర్వాత కథ

నా చిన్నప్పుడు మేము దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మూడంతస్తుల ఇంట్లో కింది వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. నాన్న గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. పైన గదులన్నీ కోచింగ్ కోసం ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలకు ఇచ్చేవారు. తెల్లవారకముందే బకెట్ల చప్పుడు, దాని వెనకే ఎవరో గట్టిగా పాఠాలు వల్లె వేసుకునే చప్పుడు వినిపించేవి.

ఆ గదుల్లో ఒక అక్క ఉండేది. వాళ్లది నల్గొండ దగ్గర ఏదో ఊరు. బ్యాంకు పరీక్షలకు తయారవుతుండేది. సాయంత్రం ఉక్కపోతకు గదిలో ఉండలేక, గైడు పట్టుకుని మెట్ల మీద కూర్చునేది. బడి నుంచి రాగానే నేనూ వెళ్లి ఆమె పక్కన చేరేదాన్ని.

అప్పుడు నేను ఐదో తరగతి. ఇంగ్లీషు ప్యాసేజ్ చదివి కింద ప్రశ్నలకు జవాబులు రాయమంటే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయి కళ్లనీళ్లు పెట్టుకునేదాన్ని. మా అమ్మ ఆ అక్కను బతిమాలింది, కాస్త చూడమ్మా అని. అక్క నాకు ఒక కిటుకు నేర్పింది.

"మొత్తం సదువుకుంట కూసోకు. ముందుగాల కింద ప్రశ్నలు జూడు. ప్రశ్నల ఏ మాటుందో, గదే మాట పైన ఏడుందో ఏలు పెట్టి దేవులాడు. దొరికిందా, ఆ లైన్ ఎత్తి రాయి. అయిపాయె."

నిజంగానే అయిపోయింది. ఆ తర్వాతి పరీక్షలో నాకు మంచి మార్కులు వచ్చాయి. అమ్మ సంతోషపడి అక్కకు పైకి దోసెలు పంపింది. నేనింక ఏ ప్యాసేజ్‌కీ భయపడలేదు, ఎందుకంటే ఏదీ చదవాల్సిన అవసరం లేకుండా పోయింది.

ఒక సాయంత్రం అక్క తన గైడులోని ప్యాసేజ్ ఒకటి తీసి, ఎవరు ముందు జవాబులు చెప్తారో పందెం అంది. ఇద్దరం వంగి, నేను వేలుతో, తను పెన్సిల్‌తో వెతికాం. నేను అన్నీ సరిగ్గా చెప్పాను.

"అబ్బో, నీకే ఇయ్యాలె బ్యాంకు నౌకరి," అని నా జడ లాగింది. గైడు మూస్తూ, ఊరికే మాటవరసకు అడిగింది. "గా ముసలాయన ఏం పని జేసేటోడే?"

"ఏ ముసలాయన?"

"నీ మొఖం. గంతసేపు గాయన గురించే గద జవాబులు జెప్పినవ్."

నాకు రోషం వచ్చింది. "అయితే నువ్వు చెప్పక్కా," అన్నాను.

అక్కకూ తెలియదు. నవ్వబోయింది గానీ ఆ నవ్వు సగంలోనే పోయింది. మూసిన గైడు వైపు చూస్తూ, "రెండేండ్ల సంది గివే జేస్తున్న. ఒక్కటన్న యాదికి లేదు," అంది, నాతో కాదన్నట్టు.

మళ్లీ గైడు తెరిచింది. ఈసారి ఇద్దరం మొదటి వాక్యం నుంచి చదివాం. నాకు అర్థం కాని చోట తెలుగులో చెప్పింది. ఆ ముసలాయన పడవ నడిపేవాడు. అతను పడవ నడిపే ఏటి మీద కొత్తగా వంతెన కట్టారు. ఇన్నాళ్లూ మమ్మల్ని దాటించావు, ముందు నువ్వే నడవాలని ఊరివాళ్లు అతన్ని పిలిచారు. అతను కొత్త పంచె కట్టుకుని వచ్చి, వంతెన మధ్యదాకా నడిచి, కాసేపు నిలబడి, వెనక్కి వచ్చేశాడు. అంతే కథ. కింద ప్రశ్నలేమో వంతెన ఎవరు కట్టారు, అతను ఏం కట్టుకున్నాడు అనే రకం.

"మరి ఎన్కకు ఎందుకొచ్చిండంటవ్?" అంది అక్క.

నేను అలవాటుగా పేజీ మీద వేలు పెట్టాను.

"అండ్ల లేదు. నాకు గూడ తెల్వది."

జవాబు తెలియకుండా ఒక పెద్ద మనిషి నన్ను ప్రశ్న అడగడం అదే మొదటిసారి. మా టీచర్లు అడిగే ప్రశ్నలన్నింటికీ జవాబులు వాళ్ల దగ్గర ముందే ఉండేవి. మేం చెప్పేది వాటికి సరిపోయిందా లేదా అన్నదే లెక్క. అక్క మాత్రం నా మొహంలోకి చూస్తూ కూర్చుంది, నిజంగానే నేను చెప్తాననుకుని.

"పడవ ఇవతలి ఒడ్డునే ఉంది కదక్కా," అన్నాను చివరికి.

అక్క శభాష్ అనలేదు, తప్పనీ అనలేదు. వీధిలోకి చూస్తూ ఉండిపోయింది. నా మాట ఆమె లోపలికి వెళ్లిందని నాకు తెలుస్తూనే ఉంది. అంత చిన్నదాన్ని, నా మాటకు ఒకరు అలా ఆగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత రోజూ ఒక ప్యాసేజ్ ఇద్దరం పూర్తిగా చదివేవాళ్లం. తన పరీక్షకు మాత్రం ఆమెకు ఆ కిటుకు తప్పేది కాదు. పరీక్ష హాల్లో కథలు చదివే టైము ఎవరిస్తారు? కొన్నాళ్లకు మేము ఎల్‌బీ నగర్‌కు ఇల్లు మారాం. ఆమెకు ఉద్యోగం వచ్చిందో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు మేము అల్మాస్‌గూడలో ఉంటున్నాం. మా పాపకు ఎనిమిదేళ్లు. పైకి చదవమంటే తడబడుతుందని క్లాసులో రోజూ నిలబెడుతుంటే, పోయిన వేసవి సెలవుల్లో బడి మాన్పించాం. ఇంట్లోనే నేను చెప్తున్నాను, ఇంటి నుంచే ఆఫీసు పనీ చేస్తున్నాను. చదివి అర్థం చేసుకోవడం నేర్పే ఆన్‌లైన్ ప్రోగ్రామ్ కోసం వారాల తరబడి వెతికాను. అన్నింటినీ పోల్చి చూసి, పక్కన పెద్దవాళ్లు ఉండక్కర్లేదు, పిల్లలే సొంతంగా చేసుకుంటారు అని రాసి ఉన్నదాన్ని ఎంచుకున్నాను. పాపకు స్వతంత్రంగా చదవడం రావాలి కదా అని అందరితో చెప్పాను. నాకు కావలసింది మాత్రం మీటింగ్ మధ్యలో "అమ్మా" అని వినిపించకపోవడం.

ట్రయల్ మొదలుపెట్టాక రోజూ పాపకు స్టార్లే. ఫొటో తీసి మా వారికి పంపితే "సూపర్" అని వచ్చింది. నిన్న రెండు కాల్స్ మధ్య మంచినీళ్ల కోసం లేచి, పాప వెనక ఆగాను. కథ పేజీని గబగబా కిందికి తోసేసి, ముందు ప్రశ్న చూసి, అందులోని మాట కోసం తెర మీద వేలితో వెతుకుతోంది. అది నేను నేర్పలేదు. నేను పక్కన లేని ఆ గంటల్లో దానంతట అదే కనిపెట్టుకుంది. మంచినీళ్లు తాగకుండానే అక్కడ నిలబడిపోయాను.

తర్వాతి కాల్‌కు రాలేనని చెప్పి దాని పక్కన కూర్చున్నాను. కథ మొదటి నుంచి చదివాం. ఒక పిల్లి. దాన్ని పెంచేవాళ్లు ఇల్లు మారారు. కొత్త ఇంట్లో పాలు, మెత్తటి పరుపు అన్నీ ఉన్నాయి. అయినా అది పాత ఇంటికి వెళ్లిపోయి గుమ్మం దగ్గర కూర్చుంది. పిల్లి రంగు ఏమిటని ప్రోగ్రామ్ అడిగింది.

"అది ఎందుకు వెళ్లిపోయింది?" అని నేను అడిగాను.

"అందులో లేదమ్మా."

"అవును. నాకూ తెలీదు."

"నీకు తెలీదా? ఊరికే అంటున్నావ్."

"నిజంగా తెలీదు."

నా మొహం పరీక్షగా చూసి, మళ్లీ తెర వైపు తిరిగింది. "ఇంకా అదే మన ఇల్లు అనుకుంది. మనం మారిపోతున్నాం అని దానికి ఎవ్వరూ చెప్పలేదుగా," అంది.

బడి మాన్పించే ముందు నేను మా వారిని అడిగాను, అత్తయ్యగారిని అడిగాను, ఫోన్‌లో ముక్కూ మొహం తెలియని తల్లుల్ని కూడా అడిగాను. పాపను మాత్రం అడగలేదు, దీనికి చెప్పలేదు. బళ్లు తెరిచిన రోజు అది నాకన్నా ముందే లేచి, యూనిఫాం వేసుకుని, బూట్లు చేత్తో పట్టుకుని వచ్చి నన్ను లేపింది. అప్పుడు చెప్పాను.

నిన్న పిల్లి గురించి అది చెప్పింది విన్నాక, నీ మంచికే చేశాం కదమ్మా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. "నీకు కూడా చెప్పలేదు కదా," అన్నాను.

"ఊ," అంది. ఇంకేమన్నా అంటుందేమోనని ఎదురుచూశాను. అంది కూడా. తన పక్కన కూర్చునే అమ్మాయి గురించి, ఆ అమ్మాయికి టాటా చెప్పకపోవడం గురించి, చాలాసేపు చెప్పింది.

ఏ ప్రోగ్రామ్ అయినా పెద్ద తేడా ఉండదని ఇప్పుడు అనిపిస్తోంది. ఏదో ఒకటి తీసుకుంటాను, అది నడిచే అరగంట పాప పక్కనే కూర్చుంటాను, ఆఫీసు వాళ్లకు దొరకను. ఆ అక్క నుంచి నాకు మిగిలింది ఒకటే. జవాబు తెలియని ప్రశ్న అడిగి, పిల్ల చెప్పిన జవాబు మీద నా మాట కప్పేయకుండా ఊరుకోవడం. అది నాకింకా సరిగ్గా చేతకాదు. నిన్న మాత్రం ఊరుకున్నాను.