అవ్వ పొట్టికాళ్ళ కోళ్ళు... చిన్నమ్మ చెయ్యి

యలహంకలో మా పెరటి గోడ, నా చిన్నప్పుడు, పెద్దవాళ్ళ నడుమెత్తు కూడా ఉండేది కాదు... అయినా మా అవ్వ కోళ్ళు ఒక్కటీ దాన్ని దాటిపోయేవి కాదు. వాటి కాళ్ళు అంత పొట్టి మరి. నడుస్తుంటే పొట్ట నేలను రాసుకునేది.

అవి యుద్ధం రోజులు. ఇంటి మీదుగా విమానాలు మోతపెట్టుకుంటూ పోతుంటే ఆ కోళ్ళు బాతుల్లా ఊగుతూ గంప కిందికి పరుగెత్తేవి... నవ్వలేక చచ్చేవాళ్ళం.

అవ్వకు, అంటే మా నాన్న తల్లికి, ఆ కోళ్ళంటే ప్రాణం. ఆకుకూర మళ్ళు గీకి పాడుచెయ్యవు, పొదుగుకు కూర్చుంటే మధ్యలో లేవవు. అలాంటివి ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేవు. దొడ్డబళ్ళాపురం నుంచి కూడా వచ్చి పిల్లల జత అడిగేవాళ్ళు.

ఆ జాతి చెడకూడదని అవ్వ ఒక కట్టు పెట్టుకుంది. పుంజూ పొట్టిదే, పెట్టా పొట్టిదే. పిల్లల్లో కాళ్ళు సాగినట్టు కనబడితే దాన్ని కూరకో, అమ్మకానికో పంపేసేది. ఏటికేడు మరీ పొట్టివాటినే ఏరి ఉంచుకునేది... అన్నీ ఆ ఇంట్లో పుట్టినవే, ఒకదానికొకటి అన్నాచెల్లెళ్ళే.

గుడ్లు పొదగెయ్యడం మాత్రం మా చిన్నమ్మ పని. మా చిన్నాయన భార్య. పేరు నాగలక్ష్మి, పుట్టిల్లు హిందూపురం. గంపలో ఊక పరిచి, ఉరుములకు గుడ్లు చెడకుండా ఒక ఇనుప మేకు పెట్టి, ఒక్కొక్క గుడ్డూ కొంగుతో తుడిచి సర్దేది. ఆమె పక్కన కూర్చుని గుడ్లు అందించడం నాకు పండగ.

కానీ ప్రతిసారీ కొన్ని గుడ్లు పిల్లలు కాకుండా మిగిలిపోయేవి. పగలగొడితే మురిగిన నీళ్ళు... అవ్వ మొదట విమానాల మోత వల్లనే అనుకుంది, మేకులు ఎక్కువ పెట్టించింది. తరువాత మేత మార్చింది. మిగిలిపోయే గుడ్లు పెరిగాయే కానీ తగ్గలేదు.

ఆ మధ్యలోనే చిన్నమ్మకు కడుపు పోయింది. మరుసటేడు మళ్ళీ పోయింది...

ఆ ఎండాకాలం ఒక గంప కింద సగం గుడ్లు కూడా పిల్లలు కాలేదు. అవ్వ ఆ గుడ్లను చాటలోకి ఎత్తుతూ, గొంతు పెంచకుండానే అనింది.

"కడుపులోదీ నిలవదు, గంపలోదీ నిలవదు. ఆ చెయ్యే అట్లాటిది."

మా అమ్మ అక్కడే ఉంది. చిన్నాయనా అక్కడే ఉన్నాడు. ఇద్దరూ తల తిప్పుకుని పనిలో పడ్డారు. చిన్నమ్మ లేచి తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కుంది... చాలాసేపు కడుక్కుంది. ఆ వారంలోనే పుట్టింటికి పోతానంది. చిన్నాయన తీసుకుపోయి దిగబెట్టి వచ్చాడు.

తరువాతి గుడ్లు అవ్వే స్వయంగా పొదగేసింది. ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. అయినా అదే తీరు. పిల్లలు దిగే రోజు దాటాక మిగిలిన గుడ్లు పగలగొట్టింది. ఒకదాంట్లో పూర్తిగా పెరిగిన పిల్ల... దానికి కాళ్ళే లేవు. అవ్వ దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

ఇంకొక సంగతీ జరిగింది. ఒక పొట్టిపెట్ట ఎవరికీ తెలియకుండా కట్టెల మోపు వెనక గుడ్లు పెట్టి పొదిగింది. పక్కింటివాళ్ళ పొడుగుకాళ్ళ పుంజు గోడ దూకి మా పెరట్లోకి వచ్చేదిలే... ఆ పెట్ట బయటికొచ్చినప్పుడు దాని వెనక బిలబిలమంటూ పిల్లలు. కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి. కట్టెల వెనక ఒక్క గుడ్డూ మిగల్లేదు.

అవ్వ అదంతా చూసి వచ్చి మా అమ్మతో అనింది. "మన పుంజులోనే ఉండాదే దోషం. ఊరికే నాగలక్ష్మిని అనేస్తినే."

ఆ వారమే నన్ను వెంటబెట్టుకుని రైలెక్కి హిందూపురం పోయింది. చిన్నమ్మ వాళ్ళ వసారాలో కూర్చుని, మంచినీళ్ళు కూడా తాగకుండా చెప్పింది.

"పక్కింటి పుంజుతోనైతే ఒక్క గుడ్డూ చెడలేదు, మన పుంజును మార్చేసినానమ్మా. నీ చెయ్యి మంచిదే. ఇంటికి పోదాం పా."

చిన్నమ్మ తల వంచుకునే ఉంది.

"పుంజు మారితే గుడ్లు నిలిచినాయి, కాబట్టి వస్తిరి అత్తా. నిలవకపోయుంటే నా చెయ్యే అనుకుంటా ఉందురు గదా."

అవ్వ లేచి చిన్నమ్మ గుడ్డల సంచి తనే చేతికి తీసుకుంది. నేనెన్నడూ ఆమెను అట్లా చూడలేదు.

చిన్నమ్మ మాతోనే తిరిగొచ్చింది. వంట చేసింది, నాకు జడలు వేసింది, చివరికి మంచాన పడిన అవ్వకు అన్నం కలిపి తినిపించింది కూడా. కానీ కోళ్ళగూటి వైపు మాత్రం పోలేదు. పొదుగు కోడి కనబడినప్పుడల్లా అవ్వ గుడ్ల బుట్ట ఆమె ముందు పెట్టేది. "మీరే పెట్టండి అత్తా, పొయ్యి మీద పనుండాది" అనేది చిన్నమ్మ. కొన్నాళ్ళకు అవ్వ అడగడం మానేసింది. కోళ్ళనూ ఎవరెవరికో ఇచ్చేసింది. చిన్నమ్మకు పిల్లలు పుట్టలేదు.

చాలా ఏళ్ళ తరువాత పశువైద్యం చదివిన మా అబ్బాయి నాకు విడమరిచి చెప్పాడు. ఆ పొట్టికాళ్ళే లోపమట. తల్లీ తండ్రీ ఇద్దరూ పొట్టివైతే నాలుగింట ఒక వంతు పిల్లలు గుడ్డులోనే పోతాయట. దగ్గరి రక్తం కలిసేకొద్దీ ఇంకా పోతాయట. ఒకటి పొట్టిది, ఇంకొకటి పొడుగుది కలిపితే జాతీ నిలుస్తుంది, గుడ్లూ నిలుస్తాయట... అంతే. అంత చిన్న సంగతి.

అప్పటికి చిన్నమ్మ లేదు. అవ్వ ఎప్పుడో పోయింది.

ఇప్పుడు గుడ్లు అట్టపెట్టెల్లో వస్తున్నాయి, మిషన్లు పొదుగుతున్నాయి. మంచి చెయ్యి, చెడ్డ చెయ్యి అనే మాటే లేదు. పోనీలే, ఆ ఒక్కటి మంచికే మారింది...

మీ ఇళ్ళలోనూ చెయ్యని తప్పుకు మాట పడి, నోరెత్తకుండా బతికిన ఆడవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ గురించి కింద నాలుగు మాటలు రాయండి... మా చిన్నమ్మ కోసం నేను చెయ్యగలిగింది కూడా ఇప్పుడు ఇంతే.