ఇక్కడ దగ్గాలి

ఇరవై ఆరేళ్లపాటు నేను ఒక్క బీడీ కూడా చుట్టకుండా బీడీల షెడ్డులో కూలి తీసుకున్నాను. దొంగతనం కాదు. మా కణ్ణూరు వైపు షెడ్లలో అది పద్ధతి. అందరూ ఒళ్లో చాటలు పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ, పొగాకు కూరుతూ, దారం కడుతూ ఉంటే ఒకడు బల్ల మీద కూర్చుని పైకి చదవాలి. పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల. వాడి వంతు బీడీలు మిగతావాళ్లు తలా కొన్ని చుట్టి పెడతారు. ఆ ఒకణ్ణి నేనే, కోరన్‌ని. నా గొంతు చూసుకుని నాకు మహా పొగరుండేది, ఇప్పుడు దాచడం దేనికి?

అయినా ఈ కథ నాది కాదు, మాతుది. మొగుడు పోయాక షెడ్డులో చేరింది. కిటికీ పక్కన కూర్చునేది. సొంత అన్నను పిలిచినట్టు నన్ను ఏట్టా అనేది. అక్షరమ్ముక్క రాదు. కానీ నేనొక పేజీ ఎగ్గొడితే పట్టేసేది.

"ఏట్టా, ఆ పిల్ల నిన్న ఏడుస్తూ పడవెక్కిందిగా, ఇవాళ నవ్వుతూ ఎలా దిగింది? నడుమ ఏం మింగేశావ్?"

షెడ్డంతా గొల్లుమనేది. నాకు ఒళ్లు మండేది.

ఊళ్లో పెద్దవాళ్లకు చదువు చెప్పే క్లాసులు పెడితే నలభై ఏడో ఏట వెళ్లి కూర్చుంది. ఏడాది తిరిగేసరికి, అంతకుముందు నేను చదివి ముగించిన నవలనే లైబ్రరీ నుంచి ఇంటికి పట్టుకెళ్లింది. మూడో రోజు తెచ్చి నా బల్ల మీద దబ్బున పడేసింది.

"ఇది తప్పుల పుస్తకం ఏట్టా."

"ఏం తప్పే?"

"తల్లి చచ్చిపోయేముందు నువ్వు దగ్గావు. ఇందులో దగ్గు లేదు."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. పొగాకు ధూళికి నాకొచ్చే దగ్గు కూడా కథలోదే అనుకుందట, అన్నేళ్లూ!

"ఓసి పిచ్చిదానా, అది నా రోగం!" అన్నాను. అందరూ చాటలు కింద పెట్టి మరీ నవ్వారు. మాతు కూడా కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. కానీ పట్టు వదల్లేదు.

"రోగమైతేనేం, అక్కడ కావాలి. లేకపోతే ఆవిడ మరీ తొందరగా చచ్చిపోతోంది."

ఇక పుస్తకం మీద పుస్తకం. పొయ్యి మీద గంజి మాడిపోయేది. "ఇంత చదివి ఏ ఆఫీసు ఏలతావే?" అని పక్కనుండే నాణు వెక్కిరించేవాడు. "ఏ ఆఫీసూ వద్దు. హాయిగా ఉంది, అంతే" అనేది. ఆ మాట అన్నప్పుడు దాని మొహం చూడాలి. అంత సంతోషం నేను మా షెడ్డులో ఇంకెవరిలోనూ చూడలేదు.

కొన్నాళ్లకు ఒక నోటుబుక్కు తెచ్చింది. కథ రాసిందట. ఒకావిడ బస్సెక్కుతుంది, తన ఊరొచ్చినా దిగదు. అంతే కథ. అక్కడక్కడా గీత గీసి, పక్కన రాసి పెట్టింది: ఇక్కడ కోరేట్టన్ దగ్గాలి. కోరేట్టన్ అంటే కోరన్ అన్న, నేనే.

"షెడ్డులో చదువు ఏట్టా. ఇది కథో కాదో నాకు తెలియడం లేదు. నీ గొంతులో వింటే తెలిసిపోతుంది."

"చదువుతాలే. ఈ నవల అయిపోనీ" అన్నాను. అది అయింది, ఇంకోటి మొదలుపెట్టాను. బీడీలు చుట్టే ఆడది రాసింది నేను చదవడమేమిటని లోపల ఒక పురుగు. ఛీ, ఏం మనిషిని! ఏడాదిన్నర అడిగింది. తర్వాత అడగడం మానేసింది.

ఆ వర్షాకాలంలోనే నా గొంతులో గడ్డ తేలింది. కోసి తీశారు. మాట పోయింది, దగ్గు మాత్రం మిగిలింది. నేను ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి షెడ్డుకు తాళం పడింది. బీడీలు కాల్చేవాళ్లు తగ్గిపోయారట.

ఒక మధ్యాహ్నం మాతు నోటుబుక్కు పట్టుకుని మా ఇంటికొచ్చింది. "ఒక్క పేజీ ఏట్టా. గుసగుసగా అయినా సరే" అంది. నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. పోనీలే అని తనే చదవడం మొదలుపెట్టింది, మనసులో ఎంత చదివినా పైకి చదవడం అలవాటు లేక, క్లాసులో నేర్పినట్టు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. గీత దగ్గర ఆగి నావైపు చూసింది. దగ్గాను. మళ్లీ చదివింది. రెండో పేజీలో పుస్తకం మూసేసింది.

"కాదు ఏట్టా. ఇది కథ కాలేదు."

గబగబా కాగితం మీద రాసిచ్చాను: బాగుంది, చాలా బాగుంది, నిజం. దాన్నీ పైకే కూడబలుక్కుని చదివింది.

"ఇది కూడా నా గొంతులోనే వినిపిస్తోంది" అంది.

నోటుబుక్కు నా మంచం మీదే వదిలేసింది. "ఉంచుకో. దగ్గులైనా నీకు పనికొస్తాయి" అని నవ్వబోయింది, నవ్వు రాలేదు.

ఆ తర్వాత మాతు ఏమీ రాయలేదు. లైబ్రరీకి పోవడం కూడా మానేసింది. నేను మాత్రం ఆ నోటుబుక్కు రోజూ తీస్తాను. బస్సులో ఆవిడ దిగకుండా కూర్చునే ఉంటుంది. గీత గీసిన ప్రతిచోటా దగ్గు కావలసిందే, ఒక్కటీ తప్పుగా పెట్టలేదు. ఆ మాట మాతుకు చెప్పాలి. ఏ నోటితో చెప్పను?