మిర్చి కల్లంలో గీతలు దాటిన ఫొటో

నాకు ఫొటో అంచులంటే మహా పట్టింపు. కావలసింది లోపల ఉండాలి, అక్కర్లేనిది బయట ఉండాలి. అలాంటిదాన్ని, పోయినేడు ఒక పాత రేంజ్‌ఫైండర్ కెమెరా కొని చేజేతులా చిక్కుల్లో పడ్డాను. ఇందులో లెన్సులోంచి చూడం, పైన పక్కగా ఉన్న చిన్న గాజు కిటికీలోంచి చూస్తాం. అందులో తెల్లటి గీతలతో ఒక చట్రం కనిపిస్తుంది. దాని లోపల ఉన్నదే ఫొటో అని నమ్మాలి. చట్రం బయటి లోకం కూడా కాస్త కనిపిస్తూనే ఉంటుంది. కొత్తపట్నం ఒడ్డున ఒంటరి పడవను ఎంతో ఓపిగ్గా ఆ గీతల మధ్య కూర్చోబెట్టి తీశాను. ఫిల్ము కడిగించి చూద్దును గదా, పడవ పక్కన లుంగీ ఎగగట్టి పళ్ళు తోముకుంటున్న ఒక పెద్దమనిషి! ఆయన గీతల్లో లేడని ఇంట్లో ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. సంగతి తర్వాత తెలిసింది. ఆ గీతలు దగ్గరి దూరానికి సరిపోయేలా గీసినవట. దూరంగా ఉన్నవాటిని తీస్తే నాలుగు వైపులా ఇంకొంచెం ఎక్కువే ఫిల్ము మీద పడుతుంది. ఎంత ఎక్కువో తేల్చుకోవాలంటే చెట్టూ గోడా అడ్డులేని చదును నేల కావాలి. ఫిబ్రవరి చివర, మిర్చి ఎండే రోజుల్లో, గుంటూరు చేలను మించిన చోటు ఏముంది?

ఒంగోలు నుంచి ముందురోజే వచ్చి గుంటూరులో చుట్టాలింట్లో పడుకుని, పొద్దున ఆరున్నరకు పర్చూరు పోయే పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు చార్జీ లేదు, కార్డు మరచిపోకండి. గంట పైన ప్రయాణం చేసి పెదనందిపాడులో దిగి, ఇడ్లీ తిని, యేసోబు అనే ఆయన ఆటో మాట్లాడుకున్నాను. మధ్యాహ్నం దాకా కల్లాల వెంట తిప్పడానికి అయిదు వందలు. ముక్కుకు గుడ్డ కట్టుకోమని ఆయన ముందే హెచ్చరించాడు. పట్నం నుంచి కెమెరాలతో వచ్చేవాళ్ళు ఫొటోల కన్నా తుమ్ములే ఎక్కువ తీసుకుపోతారట.

కాలవ కట్ట దాటగానే ఆటో ఆపమన్నాను. నల్లరేగడి మీద, ఏరేసిన పత్తి చేల పక్కన, కంటికి ఆనినంత మేరా ఎరుపు. కల్లాలు నాకు కొత్త కాదు, చిన్నప్పటి నుంచి బస్సు కిటికీలోంచి చూస్తున్నవే. అయినా ఆటో దిగి కట్ట మీదే నిలబడిపోయాను. మంచు విడిచి ఎండ పాకే కొద్దీ ఆ కాయలు ఒక్కో మడి చొప్పున వెలిగినట్టు మెరిశాయి. గీతల్లో బంధిద్దామని చూస్తే లోపలా ఎరుపే, బయటా ఎరుపే, ఎక్కడ ఆపాలో అర్థం కాలేదు. పరీక్షలన్నీ మరచిపోయి పిచ్చిదానిలా తీసుకుంటూ పోయాను. తెలివి తెచ్చుకునే సరికి రీల్లో ఒక్క ఫొటో మిగిలింది.

అప్పటికి సువార్తమ్మ కల్లం దగ్గర ఉన్నాం. చీరల మీద మగవాళ్ళ చొక్కాలు తొడుక్కుని, ముఖాలకు గుడ్డలు చుట్టుకుని, పదిమంది దాకా ఆడవాళ్ళు పట్టాల మీద కూర్చుని తెల్లబడిన తాలు కాయలు ఏరుతున్నారు. ఆ ముఠాకు మేస్త్రీ సువార్తమ్మే. నా కెమెరా చూసి తనే లేచి వచ్చింది. "వచ్చే ఏడు నా వల్ల కాదమ్మా, ఈ ఘాటుకి కళ్ళు పోతన్నయ్. నేను కట్టిన ముఠా అంతా ఒక్క ఫొటోలో పడాల. ఇంట్లో గోడకి పెట్టుకుంటా" అంది.

వాళ్ళు సర్దుకుంటుండగా యేసోబు నా పక్కకు వచ్చి మెల్లగా చెప్పాడు. పక్క కల్లంలో గంప పట్టుకుని నిలబడ్డావిడ కరుణమ్మ, సువార్తమ్మకు తోడికోడలు. ఈ ముఠా కట్టింది ఇద్దరూ కలిసే. రెండేళ్ళ కింద ఇద్దరు రైతుల చేలు ఒకేసారి పండితే, ముందు ఎవరి చేలోకి దిగాలన్న దగ్గర మాట పట్టింపు వచ్చింది. సగం మంది అటు, సగం మంది ఇటు. అప్పటి నుంచి మాటల్లేవు. చర్చిలో కూడా చెరో వైపు కూర్చుంటారట.

ముఠా వాళ్ళు గుడ్డలు విప్పి వరసగా నిలబడ్డారు. నేను కెమెరా కిటికీలోంచి చూశాను. గీతల లోపల సువార్తమ్మ వాళ్ళు. గీతకు కొంచెం అవతల, పక్క కల్లంలో, కరుణమ్మ. ఆమె కూడా ముఖానికి కట్టిన గుడ్డ విప్పేసి, చెదిరిన జుట్టు సర్దుకుని, ఇటే చూస్తోంది. ఆమెను ఎవరూ పిలవలేదు. నొక్కలేకపోయాను.

ఆలస్యమయ్యే సరికి అందరూ పడుతున్నారో లేదో తానే చూస్తానని సువార్తమ్మ వచ్చి కెమెరా అందుకుంది. కన్ను ఆనించి, ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, అక్కడే ఆగిపోయింది.

"ఈ గీత అవతల ఉన్నోళ్ళు పడరా?" అని అడిగింది.

"కొంచెం పడతారు పెద్దమ్మా. గీత చూపించే దానికన్నా కాస్త ఎక్కువే తీస్తుంది ఇది."

"ఎంత ఎక్కువ?"

నేను అంత దూరం వచ్చింది అది తేల్చుకోవడానికే. "కచ్చితంగా చెప్పలేను" అన్నాను.

ఆమె ఇంకోసారి చూసి కెమెరా నా చేతిలో పెట్టింది. "అయితే ఎందుకైనా మంచిది, ఇంకో రెండడుగులు ఎనక్కి జరుగమ్మా" అని వెళ్ళి, ఇందాకటిలా మధ్యలో కాకుండా, వరసకు కరుణమ్మ వైపు చివరన నిలబడింది. కరుణమ్మ కదల్లేదు గానీ చేతిలో గంప కింద పెట్టింది. వెనక్కి జరిగి నొక్కాను. వచ్చేటప్పుడు సువార్తమ్మ ఆటో దాకా వచ్చి, రెండు కాపీలు తీయించమని మాత్రం చెప్పింది.

రెండు వారాలకు హైదరాబాదు ల్యాబు నుంచి ప్రింటు వచ్చింది. అంచున కరుణమ్మ నిండుగా, పాదాలతో సహా ఉంది. ఆమెకూ సువార్తమ్మకూ మధ్య ఒక గంప పట్టేంత ఖాళీ, మిగిలినదంతా ఎరుపు. అంచులకోసం ఇన్నాళ్ళూ కెమెరాతో పోట్లాడినదాన్ని, దాని లెక్క తప్పినందుకు మొదటిసారి దణ్ణం పెట్టుకున్నాను. మీరు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి: రీలు మొత్తం ఆ ఎరుపుకే ధారపోయకుండా చివరి రెండు మూడు ఫొటోలు మనుషుల కోసం దాచుకోండి.

కాపీలు రెండూ యేసోబుకు పంపాను. అందాయని ఆయన ఫోన్ చేశాడు. కరుణమ్మ ఇల్లు దారిలోనే గదా, రెండో కాపీ తానే ఇచ్చేస్తానని సువార్తమ్మతో అన్నాడట. ఆమె ఇవ్వలేదట.

"చెప్పులేసుకుని తనే బయల్దేరింది మేడమ్" అన్నాడు.