మునెమ్మ చేని మన్ను

ఇది నలభై ఏళ్లకు పైగా ఎవరికీ చెప్పకుండా మోశాను. అలవాటైపోయి ఉంటుందనుకోకండి. కాలేదు. క్షమించమని అడగడానికి రాయడం లేదు, మీ జాలి నాకు పనికిరాదు. ఎవరో ఒకరికి సరిగ్గా చెప్పాలి, అంతే.

పోయిన నెల తిరుపతిలో ఒక సభ జరిగింది. నా మరిది కొడుకు మాట్లాడాడు. భూములు పంచాక దేశంలో పంట పడిపోయిందన్నాడు, సేద్యం చేతకానివాళ్లకు నేల ఇస్తే అంతేనన్నాడు. సాక్ష్యంగా వడమాలపేట దగ్గరి మా ఊరి చేను సంగతి చెప్పి, ముందు వరసలో ఉన్న నన్ను చూపించాడు. చప్పట్లు కొట్టారు. నేను తల ఊపాను. వాడికి ఆ కథ చెప్పింది నేనే.

దేశం సంగతి నాకు తెలియదు. ఆ రెండెకరాల్లో పంట ఎందుకు పోయిందో మాత్రం తెలుసు.

భూపరిమితి చట్టం వచ్చేనాటికి మా ఆయనకు ఆరోగ్యం లేదు. సేద్యం లెక్కలన్నీ నావే. మిగులు భూమి కింద గుట్ట కింది రాళ్ల నేల ఇస్తామంటే అధికారి ఒప్పుకోలేదు. రోడ్డు పక్క చేను కావాలన్నాడు. అదీ పుట్టుకతో సారం లేని గరప నేలే. మా అత్త కాలం నుంచీ ఏటా ఎండాకాలంలో చెరువు అడుగు మన్ను బండ్లతో తోలి పరిస్తేనే అది చేను అయింది. నేల ఇమ్మన్నారు సరే, మేము తోలిన మన్ను ఎందుకివ్వాలి? ఆ ప్రశ్న అప్పుడు నాకు న్యాయంగా తోచింది. ఇప్పటికీ ఒక్కోసారి తోస్తుంది. నా మీద నాకు అసహ్యం పుట్టేది అందుకే.

అప్పగించే ముందు, ఆ ఎండాకాలం, పొరుగూరి బండ్లు పిలిపించాను. జానెడు లోతున మన్ను గీకించి మాకు మిగిలిన పొలానికి తోలించాను. మా ఊరి కూలీలు చెరుకు కొట్టడానికి సత్యవేడు వైపు పోయి ఉన్నారు. చూసిన ఒకరిద్దరు ఏటా జరిగేదే అనుకున్నారు. బండి చేనికి నిండుగా వస్తోందా, చేని నుంచి నిండుగా పోతోందా అని ఎవరు చూస్తారు? తర్వాత దున్నించేశాను. ఆనవాలు లేదు.

పట్టా మునెమ్మకు వచ్చింది. అదే చేలో మాకు కలుపు తీసిన మనిషి. భర్త లేడు, ఒక కూతురు. చెవుల కమ్మలు అమ్మి వేరుశనగ వేసింది. అన్నీ గింజ లేని లొట్టకాయలు. పీకిన చెట్టొకటి పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది.

“అమ్మా, ఇదే సేన్లో నీకు గుత్తులుగా కాసినాయి. నేనే గదా పీకినాను. నాకేంటికి కాయలేదు?”

“నేల ఉంటే చాలునా మునెమ్మా? పండించే చెయ్యి వేరే ఉండాది. నీది కలుపు తీసే చెయ్యి.”

“అట్లనే ఉంటాదిలేమ్మా” అనింది.

ఎదురు తిరిగి ఉంటే బాగుండేది. నమ్మింది. మరుసటి ఏడు కూడా వేసి చూసి, మూడో ఏడు చేను మాకే కౌలుకిచ్చింది. నేను మళ్లీ చెరువు మన్ను తోలించాను. విరగకాసింది. మా చేతిలో పడగానే ఎలా కాసిందో చూడండని ఊరంతా చెప్పాను. పంట ఎందుకు తగ్గిందని అడగవచ్చిన అధికారికీ చెప్పాను. ఆయన రాసుకుపోయాడు. మునెమ్మ తన చేలోనే నాకు కూలికి వచ్చింది. ఇంటి పెరట్లో సొరగింజ నాటాలన్నా కూతుర్ని పిలిచేదట, తన చేతికి రాదని. చనిపోయేదాకా అంతే.

ఎందుకు చెప్పలేదు? భయమా? నాకు ఎవరంటే భయం? ఆమెకన్నా నేను మేలైన రైతునని నమ్మడం నాకు కావాలి. మన్ను మాట బయటపెడితే ఆ నమ్మకంలో నాకు మిగిలేదేముంది?

కూతురు పుత్తూరులో ఉంది. ఆమెకు చెబితే మొహాన ఉమ్ముతుంది. ఉమ్మినా తల్లికి ఆ చేను మీద పోయిన ధైర్యం తిరిగి రాదు. చెబుతానో లేదో ఇంకా తేల్చుకోలేదు.

మునెమ్మకు సేద్యం వచ్చు. మన్ను ఎత్తించింది నేను. ఈ రెండు ముక్కలు రాసేసరికి గుండెల్లో కొంచెం ఊపిరాడుతోంది. దానికీ నా మీద నాకు కోపంగానే ఉంది.